చెట్లు కొట్టకుండా వచ్చిన ఓడలు

మొన్న బుధవారం ఉప్పళంలోని ఒక రిపేరు అంగడిలో నా పాత కంప్యూటర్ పెట్టె మూత విప్పగానే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. మాడిన నూలుకూ తడి ఆరని గోడకూ నడుమ ఉండే వాసన అది. సముద్రం పక్కన ఉన్న ఊళ్ళో యంత్రాలలో చేరే దుమ్ముకు ఉప్పదనం కూడా ఉంటుంది. మెకానిక్ కుంచెతో ఫ్యాను రెక్కలు తుడుస్తూ, దీన్ని ఇంకా ఎందుకు పెట్టుకున్నారు, కొత్తది కొనండి అన్నాడు. కొత్తది కొనమని చెప్పేవాడికి నేను కొంటే ఏం వస్తుందో ముందుగా ఆలోచించడం నాకు అలవాటు. ఈ అలవాటు నాకు పుట్టుకతో రాలేదు. మురుంగపాక్కంలో ఒక మేడగదిలో, ఇదే వాసన మధ్య కూర్చొని నేర్చుకున్నాను. నేర్పినవారు జి. సుందరరాజులు గారు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయన్ని మామా అనే పిలిచేవాణ్ణి.

రెండువేల దశకం నడుమ సంగతి ఇది. బయటి ఊరినుంచి వెలువడే ఒక ఇంగ్లీషు కంప్యూటర్ మాసపత్రికలో వీడియో గేముల విమర్శలకు నాలుగు పేజీలు ఉండేవి. ఆ పేజీలకు సంపాదకుడు సుందరరాజులు మామ. పత్రికవారు గేముల డిస్కులు ఆయనకు పంపేవారు, ఆయన నాకు ఇచ్చేవారు. నేను ఆడి, రాసి, ఆదివారం పొద్దున స్కూటరు మీద మురుంగపాక్కం వెళ్ళి చదివి వినిపించేవాణ్ణి. మిగిలిన వారమంతా నాది ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం. మామ అంతకుముందు చాలాకాలం ఒక బట్టల మిల్లులో గుడ్డ నాణ్యత చూసే పని చేశారు. గుడ్డ తానును పైనుంచి విప్పి చూడటం ఆయనకు తెలియదు. పై మడతలు ఎవరో చూడాలని పెట్టినవని ఆయన నమ్మకం. అందుకే చెయ్యి దూర్చి నడిమి మడత లాగేవారట. గేమునూ ఆయన అలాగే చూశారు. మొదటి గంట ఆట గురించి నేనెంత బాగా రాసినా వినేవారు కాదు. "అది అంగడి వాకిలి. లోపలికి పోయి వచ్చి చెప్పు" అనేవారు.

మా ఇద్దరి ఇళ్ళలోనూ మాట్లాడేది తెలుగే. ఎన్ని తరాల కిందట ఈ తమిళ ఊళ్ళకు వచ్చామో ఇంట్లో ఎవరికీ సరిగా తెలియదు. చదువు మాత్రం తమిళంలో, ఇంగ్లీషులో. మామకు తెలుగు లిపి రాదు. అప్పట్లో నాకూ రాదు, తరువాత పట్టుబట్టి నేర్చుకున్నాను. వంటింట్లోనూ వాకిట్లోనూ మాత్రమే తిరిగే ఆ తెలుగును ఆయన జల్లెడలాగా వాడుకున్నారు. నేను మొదటిసారి వెళ్ళిన ఆదివారమే ఆ సంగతి తెలిసింది. తుపాకులతో కాల్చుకునే ఒక కొత్త గేము మీద రాసుకొని వెళ్ళాను. ఊపిరి ఆపేసే యుద్ధానుభవం అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యంతో మొదలుపెట్టాను. మామ చెయ్యెత్తి ఆపారు.

"ఇంగ్లీషు సంగతి అప్పురం చూద్దాం. ముందు మీ ఇంట్లో మీ అమ్మకు చెప్పినట్ల చెప్పు. ఏమయింది నీకు?"

"ఊపిరి ఆడలేదు మామా."

"యాడ ఆడలేదు? ఏ తావున?"

నేను నిజంగానే ఆలోచించాను. ఆ ఆటలో నాకు ఎక్కడా ఊపిరి ఆగలేదు. ఆ మాట చెప్పేలోగా ఆయన భార్య లలితత్త కాఫీ లోటాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఊపిరి ఆడకుంటే డాక్టరు తావకు పోవాల గానీ ఈయన తావకు ఎందుకు వచ్చినావు నాయనా" అంది.

"బాగానే ఆడింది మామా" అన్నాను.

"మరి డిస్కు అట్టమీద ఉండే మాట నీ నోట్లోకి ఎట్ల వచ్చె?"

అట్టమీది మాటలు ఇంగ్లీషులో ఉన్నంతసేపూ నావేననిపించేవి. ఇంటి తెలుగులోకి రమ్మంటే అవి గడప దగ్గరే నిలబడిపోయేవి. ఆ పొద్దున ఆటనంతా నాచేత ఇంటి మాటల్లో చెప్పించారు. ఎడారిలో ఒక ఊరు మామా, ఇండ్లు ఉండాయి, లోపలికి పోతే ఒకడు తుపాకి పట్టుకొని ఉంటాడు, వాణ్ణి కాల్చాల, అని చెప్పుకుంటూ పోయాను. ఆయన కళ్ళు మూసుకొని విన్నారు.

"ఇంట్లో ఇంకేముండాది?"

"మంచం. ఒక బల్ల."

"పొయ్యి?"

"చూడలేదు."

"నీళ్ళ బిందె?"

"అదీ చూడలేదు మామా."

"ఎవురూ వండుకోని ఊర్లో నువ్వు ఎవుర్ని కాపాడతా ఉండావు? పోయి చూసి రా."

ఆ వారం మళ్ళీ మొదటినుంచి ఆడాను. ఈసారి తుపాకి దించుకొని ఇల్లిల్లూ తిరిగాను. ఏ ఇంట్లోనూ వంటగది లేదు. గోడల మీద అక్షరాల్లాంటివి ఉన్నాయి, అవి ఏ భాషవీ కావు. పైగా ఇంకొకటి తెలిసింది. ఒక గేటు దాటేదాకా వీధిలో శత్రువు ఒక్కడూ ఉండడు, దాటితే పుట్టుకొస్తారు. గేటుకు ఇవతల ఎంతసేపు నిలబడినా యుద్ధం నాకోసం అక్కడే కాచుకొని ఉంటుంది. ఈ సంగతులు తప్ప మరేమీ రాయలేదు. నేను రాసిన మొదటి నిజమైన అభిప్రాయం అదే అనుకుంటాను. మామ అందులో ఒక్క విశేషణం కొట్టేసి, మిగిలినదంతా అలాగే అచ్చుకు పంపారు.

ఆయనకు ఓటమి కంటే గెలుపు మీద అనుమానం ఎక్కువ. కత్తి పట్టి దూకే ఒక యాక్షన్ గేములో కొండమీది రాక్షసుడి చేతిలో ఎన్నోసార్లు ఓడి, చివరికి వాణ్ణి చంపాను. గర్వంగా చెప్పాను. "గెలిచింది నువ్వా, వాడు తగ్గినాడా?" అని అడిగారు. నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇంటికి వెళ్ళి, కావాలని ఓడటం మొదలుపెట్టాను. వాడి దెబ్బలకు నా బలం ఎంతెంత తగ్గుతోందో లెక్క రాసుకున్నాను. కొన్నిసార్లు వరసగా చచ్చిన తరువాత అదే దెబ్బకు నా బలం తక్కువగా పోయింది. ఆట నామీద జాలిపడి, ఆ మాట నాకు చెప్పకుండా దాచింది. చెప్పి తగ్గించినా ఇంత బాధపడేవాణ్ణి కాదు. ఆ లెక్క చూపిస్తే మామ నవ్వలేదు. "ఇట్ల గెలిపిస్తే రేపు నిజంగా గెలిచినా నీకు తెలీదు" అన్నారు. ఈ మాటలన్నీ జ్ఞాపకంనుంచి రాస్తున్నాను. నా దినచర్యలో ఆటల పేర్లూ అంకెలూ ఉన్నాయిగానీ మాటలు లేవు.

అసలు నేను చెప్పవలసింది ఆ తరువాతి వ్యూహక్రీడ గురించి. సముద్రానికి అటొక రాజ్యం, ఇటొక రాజ్యం. అడవిలో చెట్లు కొట్టించి కలప తెచ్చుకోవాలి, ఆ కలపతో ఓడలు కట్టి అవతలివాడి రేవు పట్టుకోవాలి. ఒక్కో ఓడకు ఆరు చెట్లు కావాలి. ఇటు రాజ్యం నాది, అటు రాజ్యాన్ని ఆడేది కంప్యూటర్. పత్రికలన్నీ ఆ కంప్యూటర్ బుద్ధిని పొగిడాయి. నేను అన్నిటికన్నా కఠినమైన మెట్టు ఎంచుకొని ఆడి, వరసగా ఓడిపోయాను. ఓడినందుకు కాదు, కూడిక కుదరనందుకు నాకు నిద్ర పట్టలేదు. అన్ని ఓడలు వచ్చినప్పుడు అన్ని చెట్లు పోయి ఉండాలి గదా. ఒక చిన్న పడవను చాటుగా అవతలి తీరానికి పంపి చూశాను. వాడి అడవి నిండుగా ఉంది. మామకు చెబితే ఆయన కుర్చీ ముందుకు లాక్కొన్నారు.

"అడవి చుట్టూ నీ సిపాయిల్ని నిలబెట్టు. ఒక్కణ్ణి కూడా చెట్టు తావకు పోనీయొద్దు. అప్పుడు చూడు."

నిలబెట్టాను. గొడ్డలి పట్టిన వాడొక్కడు కూడా అడవి చేరలేదు. రేవులోనుంచి మాత్రం ఓడ వెనక ఓడ వచ్చింది. అది విన్నప్పుడు మామ ముఖంలో కనిపించిన సంతోషం నేను మరెప్పుడూ చూడలేదు. "చెట్టు కొట్టకుండా ఓడ. వీరాంపట్టినంలో చెప్తే పడవలు కట్టేవాళ్ళు నవ్వి చస్తారు" అన్నారు. నేను రాసుకొచ్చిన విమర్శ మొత్తం విన్నారు. బాగుంది అన్నారు. ఆ తరువాత, ఏమీ జరగనట్టు, "ఈ నెల వద్దు. వచ్చే నెల వేద్దాం" అన్నారు.

ఎందుకని నేను అడగలేదు. అడగకపోవడానికి కారణం మేడగది మూలలో ఉంది. అక్కడ ఒక కొత్త కంప్యూటర్, పైన తువ్వాలు కప్పి ఉంది. మేము వాడే పాత కంప్యూటర్ మీద కొత్త ఆటలు కుంటుతూ నడిచేవి, కొత్తది కావాలన్నది నిజమే. కానీ దిగివచ్చేటప్పుడు వరండాలో దాని ఖాళీ అట్టపెట్టె కనిపించింది. దాని మీద ఒక చీటీ అంటించి ఉంది. మా వ్యూహక్రీడ డిస్కు కవరు మీద ఉన్నదీ అదే డిస్ట్రిబ్యూటరు చీటీ.

ఆ వారం నేను ఆఫీసులో ఏ కాగితమూ సరిగా చూడలేదు. నా విమర్శ అచ్చవుతుందా లేదా అన్నది చిన్న సంగతి. ఈయన అమ్ముడుపోతే, ఈయన చెప్పగా నేను అనుమానించడం నేర్చుకున్నవన్నీ ఏమవుతాయి? పొయ్యి లేని ఇండ్లు, దొంగజాలి, అన్నీ ఒకరి లాభం కోసం నాచేత పలికించినవేనా? పాత సంచికలు తీసి నా చిత్తుప్రతులతో పోల్చి వెతికాను. అదే డిస్ట్రిబ్యూటరు తెచ్చిన ఒక పాత ఆట మీద నేను రాసిన ఒక కటువైన వాక్యాన్ని మామ కొట్టేసినట్టు దొరికింది. దొరకగానే పుస్తకాలు మూసేశాను. మరొక కంపెనీ ఆట మీద అంతకంటే ఎక్కువ వాక్యాలు కొట్టేశారన్న సంగతి చాలాకాలం తరువాతగానీ నాకు గుర్తు రాలేదు. అనుమానం తనకు పనికివచ్చేదాన్నే లెక్కలో వేసుకుంటుంది.

మరుసటి ఆదివారం దోసె తింటుండగా అడిగేశాను.

"మామా, ఆ కంప్యూటర్ యాడిది?"

"అడిగేసినావా" అంది లలితత్త, చట్నీ వడ్డిస్తూ. "పోయిన వారం మొదలు దాని తట్టే చూస్తా ఉండావు. నా దోసె మీద కూడా అనుమానమేమో అనుకుంటి."

మామ చేతులు కడుక్కొని వచ్చి కూర్చున్నారు. కోపం లేదు. పని మొదలుపెట్టేటప్పుడు ఎలా కూర్చుంటారో అలాగే కూర్చున్నారు.

"నేను కొన్నానంటే నమ్ముతావా?"

నిజమే చెప్పాను. "నమ్మను మామా."

"వాళ్ళు ఇచ్చినారంటే?"

"నమ్ముతాను."

"ఒక జవాబు నమ్మేది, ఇంకొకటి నమ్మనిది. మరి అడిగేది దేనికప్పా? నువ్వు అడవి చుట్టూ సిపాయిల్ని నిలబెట్టినావే, ఓడలు రాకుండా ఉన్నింటే ఏమయ్యేది?"

"కంప్యూటర్ తప్పు చెయ్యలేదని తేలేది."

"దానికి గెలిచే దారి ఒకటి పెట్టినావు. అందుకే అది దొంగ అని నువ్వు చెప్తే మాట నిలబడె. యంత్రానికి పెట్టినావు, నాకు పెట్టలే. నేను ఏం చేస్తే దొంగ కాదని ఒప్పుకుంటావో అది ముందు చెప్పు. అప్పురం చూసుకుందాం."

కాఫీ చల్లారేదాకా ఆలోచించాను. నా ఎదురుగా ఉన్న మనిషి మీదే నేరం మోపి, ఆయన సాయంతోనే ఆయనకు పరీక్ష తయారుచేయడం నాకు అదే మొదటిసారి, చివరిసారి కూడా. చివరికి రెండు సంగతులు చెప్పాను. ఒకటి, విమర్శ ఈ నెలే రావాలి. రెండు, ఏ యంత్రం మీద ఆడామో చెప్పే వాక్యం ప్రతి విమర్శ చివరా మేము వేస్తాం గదా, అందులో ఆ యంత్రం ఎవరిచ్చారో కూడా వెయ్యాలి.

"రెండోది సరే. మొదటిది కుదర్దు" అన్నారు.

"సగం గెలిస్తే సగం దొంగ" అంది అత్త, గిన్నెలు తీస్తూ.

"నీకిచ్చిన డిస్కు విమర్శకులకని ముందుగా పంపినది" అన్నారు మామ, ఆమె మాట విననట్టు. "అంగట్లో అమ్మేది వేరేగా ఉండొచ్చు. ఆ ఓడల తప్పు సరిచేసి ఉండొచ్చు. ఆటకు కూడా దారి పెట్టాల గదా. చెన్నైలో ఒకరికి చెప్పి అంగడి డిస్కు తెప్పిస్తా ఉండాను. అందుకే వచ్చే నెల అంటిని."

"ఇది పోయిన వారమే చెప్పొచ్చు గదా మామా."

"నువ్వు అడగలే."

ఆ జవాబు మరీ సులువుగా వచ్చిందనిపించింది. అంతగా అనుమానించడం నేర్పినవాడికి నా అనుమానం ముందే తెలియదా? తెలిసీ ఎందుకు ఊరుకున్నట్టు? ఇంటికి వస్తూ దారంతా అదే తిరగేశాను.

డిస్కు వచ్చేసరికి తమిళుల ఆడి మాసం వచ్చింది. వీరాంపట్టినంలో అమ్మవారి తేరు లాగే శుక్రవారం, ఊరికి సెలవు. మురుంగపాక్కం మీదుగా బస్సులు జనంతో ఒరుగుతూ పోతుంటే మేమిద్దరం తలుపు వేసుకొని కూర్చున్నాం. ఆయనే తువ్వాలు తీశారు. ఇంతవరకూ ఆ యంత్రాన్ని వాడారా అని అడగాలనుకొని, పరీక్ష లేని ప్రశ్న అని ఊరుకున్నాను. ముందు మధ్య మెట్టు మీద ఆడమన్నారు. నేను ఆ మెట్టు ఎన్నడూ ముట్టలేదు, అది పిల్లల మెట్టని నా చిన్నచూపు. అడవి చుట్టూ సిపాయిల్ని నిలబెట్టాను. గొడ్డలివాళ్ళు వచ్చారు, దారి లేక తిరిగిపోయారు. రేవులోకి ఒక్క ఓడ రాలేదు. వేరే అడవి వెతుక్కోవడానికి ఒకడు కొండ చుట్టి పోతుంటే చూశాను. ఆ బొమ్మ మీద నాకు గౌరవం లాంటిది కలిగింది. నేను రాసి పెట్టుకున్న విమర్శలో, ఈ కంప్యూటర్ దొంగ అన్న మొదటి వాక్యమే అబద్ధమయ్యేది.

"ఇప్పుడు నీ మెట్టు" అన్నారు మామ.

కఠినమైన మెట్టు మీద ఓడలు వచ్చాయి. చెట్లు అలాగే ఉన్నాయి. పెట్టె అట్టను తిప్పి చూశారాయన. ఆ మెట్టులో శత్రువుకు తెలివి ఎక్కువ అని అక్కడ అచ్చయి ఉంది.

"తెలివి అంట" అన్నారు. "కలప తెలివితో పుట్టదు. ఇదే రాయి. మధ్య మెట్టులో వాడు యోగ్యుడని కూడా రాయి, అదే పెద్ద అక్షరాల్లో."

అలాగే రాశాను. ఆ నెల సంచికలో విమర్శ వచ్చింది. చివర, ఈ ఆట ఆడిన యంత్రాన్ని ఇదే ఆటను అమ్ముతున్న డిస్ట్రిబ్యూటరు పంపారన్న వాక్యం, నేను చెప్పిన మాటల్లోనే ఉంది. అంటే ఇచ్చింది వాళ్ళే. దాచలేదు. నేను పెట్టిన దారిలో నడిచి ఆయన గెలిచారు. కొద్ది వారాలకు ఒక టెంపోలో ఇద్దరు వచ్చి యంత్రాన్ని తీసుకుపోయారు. ఆదివారం కాబట్టి నేనూ ఉన్నాను. మామ మెట్లు దిగేదాకా ఒక వైపు తానే పట్టారు, వాళ్ళకు మజ్జిగ ఇప్పించారు. ఆ తరువాత ఆ డిస్ట్రిబ్యూటరు ప్రకటనలు పత్రికలో కనబడలేదు. మా నాలుగు పేజీలు రెండయ్యాయి. కొన్నాళ్ళకు ఆ రెండూ వేరే ఊళ్ళో ఎవరి చేతికో పోయాయి. "పోనీలే, నీకు ఆదివారం నిద్ర మిగిలె" అన్నారు. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు.

కానీ నాలో ఒక ముల్లు ఉండిపోయింది. నేను అడగకపోయి ఉంటే ఆయన ఆ వాక్యం వేసేవారా? తువ్వాలు కప్పింది దుమ్ము పడకుండానా, నా కంట పడకుండానా? పేజీలు పోయిన తరువాత ఒకసారి ధైర్యం చేసి ఆయన్నే అడిగాను. ఆయన చాలాసేపు నవ్వారు.

"మంచి అనుమానం. పరీక్ష ఏంది దానికి?"

"తెలీదు మామా."

"తెలిసినప్పుడు రా."

తెలియకముందే ఆయన కన్నుమూశారు. ఇప్పటికీ ఆడిట్ ఆఫీసులో ఎవరి లెక్క మీదనైనా అభ్యంతరం రాయబోయే ముందు, ఏ కాగితం చూపిస్తే ఈ మనిషి నిర్దోషి అని నేను ఒప్పుకుంటానో అది ముందుగా ఒక చీటీ మీద రాసుకుంటాను. ఆ చీటీ రాయలేనప్పుడు అభ్యంతరమూ రాయను. నాతో పనిచేసేవారు దీన్ని చాదస్తం అంటారు. ఇంట్లో వాళ్ళ మీద వచ్చే అనుమానాలకూ ఇదే పద్ధతి. దీనివల్ల నేను మోసపోయిన సందర్భాలు ఉన్నాయి, ఎవరినీ అన్యాయంగా దొంగను చేసిన సందర్భం మాత్రం నాకు తెలిసినంతలో లేదు.

పోయిన ఏడాది లలితత్తను చూడటానికి వెళ్ళాను. చూపు తగ్గింది, మాట వాడి తగ్గలేదు. చిక్కిపోయినావు, ఎవురి మీద అనుమానంతో తినడం మానేసినావు, అంది. కాఫీ తాగుతూ, ఆ వాక్యం సంగతి ఈమెను అడిగితే పోలా అనుకున్నాను. ఆ రోజుల్లో ఆయన మనసులో ఏముందో ఆమెకు తప్పక తెలిసి ఉంటుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు నన్ను నేను చూసుకున్నాను. నువ్వు అడక్కపోయినా వేసేవాడే అని ఆమె అంటే ఆ క్షణమే నమ్ముతాను. వేసేవాడు కాదు అంటే, వయసు మీదపడి ఏదో అంటోంది అనుకుంటాను.

అడగలేదు. లోటా కడిగి బోర్లించి, చెప్పి వచ్చేశాను.